రసీదు మూలన బొటనవేలు

ఒంటిమిట్ట కల్యాణం చూసొస్తానని కడపలో ఉన్న కూతురింటికి వెళ్ళిన మా మామగారు మళ్ళీ కర్నూలుకు రాలేదు. నేను పార్సిళ్ళకు చిరునామా చీటీలు అంటిస్తుండగా మా ఆడపడుచు ఫోన్ చేసింది. "అన్నం తిని పండుకున్యాడు వదినా. టీకి లేపితే నాయన లేయలే" అంది. చేతిలో ఉన్న చీటీ ఏ డబ్బాకు అంటించానో నాకు గుర్తులేదు. ఒకరి కొర్రలు ఇంకొకరి ఇంటికి పోయే ఉంటాయి.

కర్నూలు పాతబస్తీలో ఆయనకు కిరాణా అంగడి ఉండేది. మోకాళ్ళు మొరాయించాక మూసేశారు. కొర్రలు, చెనక్కాయల పొడి ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో అమ్ముతానని నేనంటే, అందరికంటే ముందు సరే అన్నది ఆయనే. అయితే ఉగాది నాడు కొత్త పద్దు పుస్తకానికి పసుపు రాసి బొట్టు పెట్టడం వాళ్ళింటి ఆచారం. ఆ పొద్దు పసుపు గిన్నెతో వచ్చి "పుస్తకం యాడమ్మా?" అన్నారు. ల్యాప్‌టాప్ చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, మూత మీద బొట్టు పెట్టారు.

"కరెంటు పోతే దీంట్లో రాసింది ఉంటాదా?"

ఉంటుందన్నాను. నమ్మలేదు.

నమ్మలేదు కాబట్టే కొరియర్ వాళ్ళిచ్చే రసీదులన్నీ తన పెత్తనం కిందకు తెచ్చుకున్నారు. అంగట్లో మాదిరే ఇనుప కొక్కేనికి గుచ్చి, రేకుల వరండాలో వేలాడదీసేవారు. నేను వద్దనలేదు. పెద్దాయనకు పొద్దుపోతుంది కదా అనుకున్నాను.

పోయినేడు ఎండాకాలంలో ఒకావిడ తనకు సరుకే పంపలేదని ఫిర్యాదు చేసింది. పంపినట్టు ముద్రపడిన రసీదు చూపించకపోతే మా అంగడి పేరే తీసేస్తామని అమ్మకాల సైటు వాళ్ళు రాశారు. నా కంప్యూటర్‌లో పంపిన వివరాలున్నాయి గానీ, అవి నేను రాసుకున్నవేనట, చెల్లవట. నేను ఆ మెయిలే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. మామగారు మాత్రం నింపాదిగా లేచి, "ఇట్లాంటిదానికే కదమ్మా దాచింది" అంటూ కొక్కెం దించుకొచ్చారు.

ఒక్కో రసీదూ తీస్తున్నారు. అన్నీ తెల్లగా ఉన్నాయి. అది సిరా కాదు, వేడితో పడే అచ్చు. కర్నూలు ఎండకు రేకుల కింద ఉడికి, అక్షరమన్నది మిగల్లేదు. ఒకదాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"తడిస్తే చెడే కాయితం చూసినా గానీ, ఎండకు చెడే కాయితం ఇప్పుడే చూస్తాండా."

చెప్పులేసుకొని కొరియర్ ఆఫీసుకు పోయారు. ఆ మోకాళ్ళతో, ఆ ఎండలో. నకలు ఇచ్చేదాకా అక్కడే బెంచీ మీద కూర్చుని, ముద్ర వేయించుకొని సాయంత్రానికి తెచ్చారు. మా అంగడి నిలబడింది.

మరుసటి రోజు నా ఫోను అడిగారు. "ఫోటో దించేది నేర్పీమ్మా." అప్పటినుంచి రసీదు రాగానే ఫోటో తీశాకే కొక్కేనికి గుచ్చేవారు. కొక్కెం మాత్రం వదల్లేదు. ఇట్లాంటి చిన్న వ్యాపారం చేసే స్నేహితులు కాగితమా, ఫోనా అని నన్నడిగితే నాకు ఆయనే గుర్తొస్తారు. "యాడ దాచినా సరే, దాచినామని మర్చిపోగూడదు" అనేవారు. వారానికోసారి ఆ ఫోటోలన్నీ వెనక్కి తిప్పి చూసేవారు.

ప్రతి ఫోటోలోనూ ఆయన ఎడమ బొటనవేలు పడేది. ఎప్పుడో తూకం రాయి పడి చీలిన గోరు. వేలు పడుతోంది మామా అని నవ్వేదాన్ని.

"పడనీలేమ్మా. గాలికి పోకుండా ఎవురో ఒగరు పట్టుకోవాల గదా."

దినకర్మలయ్యాక మొన్న మళ్ళీ పార్సిళ్ళు పంపాను. లెక్కలు చూసే ఆయన పాత రసీదులు అడిగితే ఫోన్‌లో వెతికాను. ఒకటి తర్వాత ఒకటి, అన్నిట్లోనూ ఆ చీలిన గోరు. ఏడుపాగలేదు. ఆ వేలు కత్తిరించి పంపితే రసీదు శుభ్రంగా ఉంటుంది. నాకు చేతులు రాలేదు, అలాగే పంపాను.

తర్వాత కొత్త రసీదు బల్ల మీద పెట్టి ఫోటో తీయబోతే ఫ్యాను గాలికి లేచింది. ఎడమ బొటనవేలితో నొక్కిపట్టి తీశాను. ఫోన్‌లో ఇప్పుడు ఆయన వేలి పక్కన నా వేలు ఉంది.