ఏడో వరుస పులుపు

యూనివర్సిటీలో ఉద్యోగం ఎట్లా వస్తుందని పులివెందులలో నా దగ్గర చదువుకునే పిల్లలు అడుగుతుంటారు. డిగ్రీలు, పరిశోధన పత్రాలు, ఇంటర్వ్యూ అని చెబుతాను. నాకెట్లా వచ్చిందో మాత్రం ఇన్నేళ్లూ సరిగ్గా చెప్పలేదు.

జమ్మలమడుగు దగ్గర నల్లరేగడి చేలో పప్పుశనగ మీద నా పీహెచ్‌డీ పరిశోధన సాగింది. ఒక్కో వరుసలో ఒక్కో రకం విత్తనం. ఏ రకానికి కాయతొలిచే పురుగు తక్కువ పడుతుందో చూడాలి. పురుగులు లెక్కపెట్టడానికి ఆ ఊళ్లోనే ఇంటర్ చదివిన ఒకమ్మాయిని పెట్టుకున్నాను. కూలీల పట్టీలో కలుపు తీసే మనిషిగా రాశాను.

ఒక పొద్దున, మంచు ఆరకముందే, ఆమె ఆకుల మీద వేలు రాసి నాలుకకు తగిలించుకుంటూ వరుసలన్నీ తిరుగుతోంది.

"ఏంది మా, ఆకు తింటాండావా?"

"తినల్యా సార్. ఈ వరస శానా పులుపు. పులుపుండే కాడ పురుగు తక్కువ పడ్తాంది. నెల నుంచి చూస్తాండా. నువ్వూ నాకి చూడు."

నాకాను. నాకు మాత్రం అన్నీ ఒకే పులుపు. ప్రతి వరుస నుంచీ ఆకులు కోసి, ప్రొద్దుటూరులో తెలిసిన కాలేజీ ల్యాబ్‌లో ఆమ్లం కొలిపించాను. ఆమె నాలుక చెప్పిన క్రమమూ ల్యాబ్ ఇచ్చిన క్రమమూ పైనుంచి కిందిదాకా ఒకటే. ల్యాబ్ మెట్ల మీదే నిలబడి రెండు జాబితాలూ మళ్లీ మళ్లీ సరిచూశాను. నా ఇన్నేళ్ల చదువులో అలాంటిది చూడలేదు.

అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో, థీసిస్‌లో పులుపుకీ పురుగుకీ ముడిపెట్టిన ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. "పొద్దున్నే ఆకు నాకి చూశానండీ" అన్నాను. అబద్ధం కాదు. బోర్డులో పెద్దాయన కలం కింద పెట్టి నావైపు మెచ్చుకోలుగా చూశాడు. ఉద్యోగం వచ్చింది.

మరుసటేడు ఒక పరిశోధనా కేంద్రంలో ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టు పడితే, ఆమె అనుభవ పత్రం అడిగింది. చేసిన పని రాస్తే నా థీసిస్ ఎవరిదంటారోనని భయపడ్డాను. రెండు సీజన్లు కలుపు తీసింది అని రాసిచ్చాను. ఆమె చదివి, మడిచి, "సరే సార్" అంది. పోస్టు వేరేవాళ్లకు పోయింది.

ఈ ఏడు అదే పోస్టు మళ్లీ పడింది. వయసు ప్రకారం ఆమెకిదే ఆఖరుసారి. జరిగిందంతా రాసి సంతకం పెట్టి, చేతికిద్దామని జమ్మలమడుగు పోయాను. ఆమె చేలోనే ఉంది.

"దావ తప్పినావా సార్?" అంటూ కాగితం తీసుకుని, గట్టు మీద నిలబడే మొత్తం చదివింది.

"శానా పులుపుండేది ఆరో వరస అని రాసినావే."

"కాదా?"

"ఏడు. ఆరోది నీళ్లు నిలిచి సచ్చిపాయ. నువ్వే పీకెయ్యమంటివి."

పదకొండేళ్లయింది. థీసిస్ రాసిన నేను మరిచిపోయాను.

"ఇంకోటి. సాయం చేసింది అన్నావు. సాయమేంది సార్? ముందు నాకింది ఎవురు?"

"నువ్వే."

"మరి కనిపెట్టింది అని రాయి. టైపు అంగడోడు సందకాడ మూస్తాడు, బిన్నా పోయిరా. రేపే ఆఖరు తేదీ."

రెండూ దిద్దించి, ఆ ప్రతే ఒకటి మా యూనివర్సిటీకి కూడా పోస్టు చేసి, తిరిగి వచ్చాను. ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది. అప్లికేషన్‌తో కలిపి కవరులో పెట్టి, అంచు నాలుకతో తడిపి అంటించింది.