తప్పిన బాణం పోయే చోటు

నా చిన్నప్పుడు, నన్ను కన్న మా అవ్వ క్షయతో పోయిన తర్వాత, మా ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు. లక్సెట్టిపేట దగ్గర మాది నేతగాళ్ల వాడ. వాడ పిల్లలు నన్ను ఆటకు పిలవడం మానేశారు. పెద్దవాళ్లు వద్దన్నారని వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. బాపు పొద్దంతా మగ్గం గుంటలో కూర్చునేవాడు. పరామర్శకు వచ్చిన ఒకరిద్దరు కూడా వాకిట్లోకి రాకుండా బయటే నిలబడి, నీళ్లు ఇస్తే వద్దని చెప్పి వెళ్లిపోయారు.

ఆసిఫాబాద్ అడవుల వైపు పనిచేసే మా మేనమామ ఒకసారి వచ్చి నాకు వెదురు విల్లు ఇచ్చాడు. బాణాలకు ఇనుప మొనలు లేవు, వెదురు కొననే చెక్కి ఉంచాడు. ఆయన దాన్ని ఆటవస్తువు అనుకున్నాడు. నాకది తోడు అయింది. పక్కింటికీ మాకూ మధ్య ఉన్న పొట్టి గోడకు జొన్న చొప్ప కట్ట ఆనించి, దాని మీద మసితో సున్న చుట్టి, రోజూ కొట్టేదాన్ని. తగిలితే సంతోషించడానికి ఎవరూ లేరు, తప్పితే నవ్వడానికీ ఎవరూ లేరు.

ఒక మధ్యాహ్నం బాణం గోడ దాటి పక్కింటి వాకిట్లో పడింది. అక్కడ చెట్టు కింద తొట్టెలలో పసిపిల్ల నిద్రపోతోంది. బాణం తొట్టెల పక్కనే నేలలో గుచ్చుకుంది. పసిపిల్ల తల్లి గోడ మీదికి వంగి కేకలు వేసింది.

"పాణాలు తీస్తవా పోరీ! మీ ఇంటి రోగం సాలదా, ఇగ బాణాలు గూడ మా మీదికేనా?"

బాపు మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. విల్లు తీసుకుని విరవడానికి మోకాలికి ఆనించాడు. నేను ఏడవలేదు. రెండో కొస గట్టిగా పట్టుకుని వదలలేదు.

అప్పుడు పక్కింటి పెద్దమ్మ, ఆ తల్లికి అత్త, మా వాకిట్లోకి వచ్చింది. మా అవ్వ పోయాక వాడలోంచి మా వాకిట్లో అడుగుపెట్టిన మొదటి మనిషి ఆమె.

"ఆగు తమ్మీ. గది గూడ ఇరగ్గొడ్తె పొల్ల పొద్దంత ఎవలతోని ఆడుకోవాలె? మన పోరగాండ్లను మనమే రానిస్తలేమాయె."

బాపు చేతులు ఆగాయి. పెద్దమ్మ నన్ను రోజూ నిలబడే చోట నిలబెట్టింది.

"దేన్ని జూసి కొడ్తవ్?"

"గా సున్నను."

"దాని ఎనుక ఏమున్నదో ఎన్నడన్న జూసినవా? తగిలినప్పుడు సున్ననే. తప్పినప్పుడు యాడికి పోతది? ముందుగాల గది జూడాలె బిడ్డా."

ఇద్దరం మా పెరట్లోకి వెళ్లాం. అక్కడ పాత పశువుల కొట్టం కూలిపోయి, వెనక గోడ ఒక్కటే మిగిలింది. మట్టిగోడే కానీ మందం, మనిషి కంటే చాలా ఎత్తు. దాని వెనక తుమ్మ కంప ఉంది, ఎవరూ నడవరు. పెద్దమ్మ ముందు అటు వైపు తిరిగి వెళ్లి స్వయంగా చూసి వచ్చింది. చొప్ప కట్టలను తాడుతో బిగించి గోడ ముందు పేర్చాం. తర్వాత ఆమె తన ఇంటి నుంచి పాత గొంగడి తెచ్చింది. దాన్ని గోడకు జానెడు దూరంలో, కట్టల వెనక, అడ్డంగా కట్టిన బొంగు మీద వేసింది. నేను కింది అంచులు లాగి రాళ్లు పెట్టాను. ఆమె రాళ్లు తీసేసింది.

"బిర్రుగ గుంజకు. బిర్రుగుంటె చీల్చుకుంట పోతది. వదులుగుంటె ఊగుకుంట ఆపుతది. కొట్టు, జూద్దాం."

కావాలనే కట్టల పైనుంచి కొట్టాను. గొంగడి ఒకసారి వెనక్కి పోయి వచ్చింది. బాణం దాని కింది అంచు దగ్గర జారి పడింది.

"ఎవలన్న వస్తే నీ ఎనుకనే నిలవడాలె. పక్కకు గూడ నిలవడనియ్యకు," అంది. ఎవరు వస్తారని నాకు అనిపించింది, కానీ తల ఊపాను.

పని అయ్యాక ఆమె మా అరుగు మీద కూర్చుంది.

"దూపైతుంది. జరన్ని నీళ్లు తే బిడ్డా."

నేను బాపు వైపు చూశాను. ఆయన ఎటో చూస్తున్నాడు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాను. మా వైపు ఎవరింట్లోనైనా చెంబు ఎత్తి, పెదవులకు తగలకుండా పోసుకుంటారు. అలా తాగినా ఎవరూ తప్పు పట్టరు. ఆమె చెంబు అంచుకు మూతి ఆనించి, నెమ్మదిగా, మొత్తం తాగింది. తాగి చెంబు నా చేతికిచ్చింది. బాపు మగ్గం గుంటలోకి దిగాడు, కానీ చాలాసేపు మగ్గం చప్పుడు వినిపించలేదు.

పిల్లలు వెంటనే రాలేదు. ఆ ఎండాకాలమంతా పెద్దమ్మ ఒక్కతే నూలు కండెలు చుట్టుకుంటూ నా వెనక కూర్చునేది. తప్పితే నవ్వేది.

ఆ రోజు తర్వాత, ఒక మాట అనే ముందు అది తప్పితే ఎవరి మీద పడుతుందో చూసుకోవడం కొంత నేర్చుకున్నాను. అన్నిసార్లూ కుదరలేదు. పోయిన ఏడాది మా ఆయన పోయినప్పుడు చాలామంది వచ్చి మంచి మాటలు చెప్పారు. వాళ్లలో ఎవరూ నీళ్లు అడగలేదు. వాళ్లను తప్పుపట్టను, మైల ఇంట్లో తాగకపోవడం ఆచారం. నాకు ఓదార్పు మాటలు ఇప్పటికీ రావు. చావు జరిగిన ఇంటికి వెళితే కాసేపు కూర్చుని, దూపవుతోందని చెప్పి, నీళ్లు అడుగుతాను. మూతి ఆనించి తాగుతాను.