గాలానికి తగిలిన బరువు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నాను. కల్పించుకోవడానికి నాకు వ్యవధి లేదు.

రిటైరయ్యాక నాకున్న ఒకే పిచ్చి కొర్రమట్ట చేపల వేట. పొద్దున కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగుతాను. మా బావమరిది సాయిలు బండి మీద నిజాంసాగర్ వెనుక నీళ్ళకు తీసుకెళ్తాడు. గాలానికి చిన్న కప్పను గుచ్చి, నీటి మీద గెంతుతున్నట్టు ఆడించాలి. ఒక్కోరోజు సాయంత్రం దాకా మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డా ఏమీ పడదు. ఇంకోరోజు సద్ది మూట విప్పకముందే చేయంత చేప.

మొన్నటి ఎండాకాలం, మధ్యాహ్నం. ఇద్దరం నీళ్ళలో ఉన్నాం. నా గాలాన్ని ఏదో బలంగా గుంజింది.

"దారం గుంజకు బావా! ఎనుకకు నడువు!" అని సాయిలు అరిచాడు.

కొర్రమట్ట పడితే నిలబడి లాగకూడదు. నాచులోకి దూరి దారం తెంపుతుంది. కర్ర పట్టుకుని వెనక్కి నడుస్తూ ఒడ్డెక్కాలి. నా ఒక్కడి వల్ల కాలేదు, సాయిలు కూడా వచ్చి పట్టాడు. అది జాడించి జాడించి గుంజుతోంది. ఇద్దరం పొడి నేల ఎక్కాం.

అప్పుడే, అంతదాకా మేం నిలబడ్డ నీళ్ళలో చేపలు, కప్పలు వెల్లకిలా తేలాయి. తుమ్మ పొదల అవతల ఇద్దరు, పొలం మోటారు నుంచి కరెంటు వైరు లాగి నీళ్ళలో వేశారు. చేపలు పట్టడమట అది!

"కండ్లు పోయినయారా? నీళ్ళల్ల మనుషులు కనబడ్తలేరా?" అన్నాను.

"ఏం కాలే గదనే తాతా, గింత లొల్లెందుకు? నువ్వు గూడ రెండేరుకపో," అని ఒకడు నవ్వాడు.

సాయిలు కట్టె అందుకునేసరికి బండెక్కి పారిపోయారు. సాయిలే వెళ్ళి మోటారు కరెంటు ఆపాడు.

దారం వదులుగా పడి ఉంది. చుట్టాను. తేలిగ్గా వచ్చింది. ముల్లుకు కప్ప అలాగే ఉంది, కాళ్ళు తన్నుకుంటూ, బతికే. పంటి గాటు లేదు. ముల్లుకు నాచు పోగైనా లేదు. తేలిన చేపల్లో అంత బరువున్నది ఒక్కటీ కనబడలేదు.

"ఎవరో గుంజిండ్రు బావా మనల్ని," అన్నాడు సాయిలు. నోర్మూసుకోమన్నాను.

ఊరి పెద్దమనుషులకు చెబితే వాళ్ళదీ అదే మాట, ఏం కాలేదు కదా అని. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ నాకు ముద్ద దిగదు.

నా దారానికి అవతలి కొసన ఉన్నదేమిటో తెలియదు. చెప్పలేను. కానీ వైరు పడ్డప్పుడు మేం ఒడ్డు మీద ఉన్నాం. అది నీళ్ళలోనే ఉంది.