అంబలి కుండతో కారు బేరం

లెరిబే కొండల్లో మా అన్న లెబుసాకున్న ఆడగుర్రం ఎంత వేగమైనదంటే, పందెం గెలిచి అది తాపీగా గడ్డి మేస్తుంటే దాని నీడ ఇంకా మూడో మలుపు దగ్గర రొప్పుతూ ఉండేది. ఇది నా కళ్ళతో చూసిన మాట. కాదనేవాళ్ళు వచ్చి నాతో వాదించుకోవచ్చు, ఇంతవరకూ నెగ్గినవాడు లేడు. శనివారం పందెం గెలిచిన ఆ గుర్రమే సోమవారం మొక్కజొన్న బస్తాలతో పిండిమరకు వెళ్ళేది. మా బసోతో జనానికి పందానికొకటి, బరువుకొకటి అని రెండు గుర్రాలుండవు.

యాభై ఆరో ఏట అన్న పందెంలో పడ్డాడు, తుంటి విరిగింది. మళ్ళీ జీను ఎక్కితే ఇక మంచం దిగవన్నాడు డాక్టరు. గుర్రం మేనల్లుడికి వెళ్ళిపోయింది. తర్వాత ఏడాదంతా అన్న కంబళి కప్పుకుని గుమ్మంలో కూర్చుని, దారిన పోయే గుర్రాలకు వంకలు పెట్టాడు. వేళకు తినేవాడు, పడుకునేవాడు. నవ్వడం మాత్రం మానేశాడు.

వదిన మలిఖాపాది కొండమీది బడికి వంట చేసి పంపే పని. అద్దె బండి రాని రోజున పిల్లలు ఖాళీ పళ్ళేలు వాయించుకునేవారు. చివరికి ఇద్దరూ కలిసి పాత కారు ఒకటి కొనాలనుకున్నారు. వదినకు బస్తాలూ కుండలూ మోసేది కావాలి. అన్నకు ఎక్కగానే ఒంట్లో రక్తం పరుగెత్తేది కావాలి. అది ఆయన పైకి అనలేదు గానీ, మాకందరికీ తెలుసు. ఆ రెండూ ఒకే బండిలో దొరకాలి. రెండో బండి ఈ జన్మకు లేదు.

మపుత్సోయే ఊళ్ళో పాత కార్లమ్మే మొఖేతి, మా అద్దె బండిలోంచి దిగుతున్న నాలుగు బస్తాలనూ నిండు అంబలి కుండనూ, మూతపెట్టిన ఇంకో అంబలి బిందెనూ చూసి నోరు తెరిచాడు.

"ఏంటి వదినా, కారు కొనడానికొచ్చారా, కాపురం మార్చడానికొచ్చారా?"

"గుర్రాన్ని కొనేటప్పుడు మన జీనూ మన బరువూ వేసి చూడమా? నీ కారేమన్నా కొత్తల్లుడా, మొహమాటపడ్డానికి?"

అన్న కుంటుకుంటూ ఒక్కో కారు చుట్టూ తిరిగాడు. వంగి, డెక్క తడిమినట్టు టైర్లు తడిమాడు.

"పళ్ళు కూడా చూడు, వయసు తెలుస్తుంది" అన్నాను.

"ముందు నీవి రాలగొట్టి చూస్తా, ఉండు."

మొదట ఎక్కింది గేర్లు తనంతట తనే మార్చుకునే పెద్ద జీపు. బస్తాలన్నీ మింగేసింది. వదిన మురిసిపోయింది. అన్న ఓ చుట్టు తిప్పి దిగి, "ఎద్దు" అన్నాడు, అంతే. రెండోది నేలకు అంటుకున్నట్టున్న ఎర్రకారు. అన్న కళ్ళు మెరిశాయి గానీ కుండ తలుపులోనే ఇరుక్కుంది.

మూడోది బూడిదరంగు పొడుగు కారు. జపానులో సరుకులు మోసి వచ్చిందట. గేర్లు చేత్తో వెయ్యాలి. బస్తాలు వెనక పడుకున్నాయి. కుండ నాకూ వదినకూ మధ్య కూర్చుంది. అన్న స్టీరింగు పట్టాడు, మొఖేతి ముందు ఆయన పక్కన ఎక్కాడు. ఊరి వెనక గుట్ట ఎక్కుతుంటే కారు ప్రతి మలుపులో చెవులు రిక్కించినట్టు తిరిగింది. అన్న ఈల వేశాడు.

దిగేటప్పుడు వచ్చింది తంటా. గుర్రం దిగేటప్పుడు కళ్ళెం వదులు చెయ్యాలి, దాని అడుగు అదే చూసుకుంటుంది. అన్న ఆ లెక్కన క్లచ్ తొక్కిపట్టి కారును దాని బుద్ధికి వదిలేశాడు. మేము భూమి మీద లేము. కింద ఎగురుతున్న కాకి తలెత్తి మమ్మల్ని చూసింది.

"కళ్ళెం లాగవయ్యా!" అని వదిన అరిచింది. అన్న స్టీరింగును రెండు చేతులా గుండెకేసి లాగాడు.

"రెండో గేరు! క్లచ్ వదులు!" మొఖేతి గొంతు చించుకున్నాడు.

గేరు పడింది. కారు గుర్రుమని వెనక్కి కూలబడినట్టు ఆగి, నెమ్మదిగా దిగింది. అంబలి సగం వదిన ఒళ్ళో ఉంది.

అన్న దిగి కారు కేసి చూడలేదు. "ఆ ఎద్దునే తీసుకుందాం. నాకిక చేతకాదు" అన్నాడు.

వదిన కంబళి పిండుకుంది. బస్తాల పక్కనున్న బిందెలోంచి అంబలి పోసి కుండ మళ్ళీ అంచుదాకా నింపింది.

"ఎక్కు. మళ్ళీ దింపు. ఈసారి ఒలికిందా, ఎద్దే."

ఈసారి రెండో గేరులోనే దిగాం. కారు బరువు ఇంజనే పట్టుకుంది. మూడు మలుపులు పాలు పోసినట్టు జారాయి. ఆఖరి మలుపులో మెల్లగా పోవచ్చు. అన్న పోలేదు. కాస్త వదిలాడు, కారు నడుము తిప్పింది, అన్న పకపకా నవ్వాడు. ఏడాది తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

అంబలి అంచు దాటి కుండ మీదుగా ఓ గరిటెడు కారింది. వదిన దాన్ని కంబళి అంచుతో చటుక్కున తుడిచేసి, నాకేసి ఉరిమి చూసింది.

"ఒలికిందా?" ముందునుంచి అడిగాడు అన్న.

"చుక్క కూడా ఒలకలేదు. దీనికే బేరమాడు" అంది వదిన.