ఘాట్ రోడ్డు మీద ఇత్తడి హారన్

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ కబుర్లు పక్కవాళ్ళు భరించలేరు. డెబ్భైల మొదట్లో విశాఖపట్నంలో మేం అయిదారుగురం ప్రతి ఆదివారం పొద్దున్నే ఒక మెకానిక్ షెడ్డులో చేరేవాళ్ళం. కాలేజీలో పాఠాలు చెప్పుకునే నేను, షెడ్డు నడిపే మేస్త్రీ, ఇంకా నాలాంటివాళ్ళే కొందరు. ఫలానా కార్బ్యురేటర్ ఎక్కడ దొరికింది, తలుపు పిడి కోసం ఎవరు మద్రాసు దాకా వెళ్ళొచ్చారు, ఇవే మాటలు. టీ చల్లారిపోయేది. ఎవరైనా పాత బండికి కొత్త సామాను తగిలిస్తే వాణ్ణి వెలివేసినంత పని చేసేవాళ్ళం. అందరిలోకీ మొండివాణ్ణి నేనే.

మాకో ఆచారం కూడా ఉండేది. బాగుచేసిన బండి అనంతగిరి ఘాట్ ఎక్కితేగాని పని పూర్తయిందని ఒప్పుకునేవాళ్ళం కాదు.

నా బండి ఆ ఘాట్ మీదిదే. అనంతగిరి దగ్గర ఒక కాఫీ తోటలో, రేకుల షెడ్డులో, బస్తాల వెనక కనిపించింది. దొరల కాలం నాటిది. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. డ్రైవరు తలుపు పక్కన మాత్రం ఇత్తడి హారన్ అలాగే ఉంది. నొక్కితే కూసే రబ్బరు బుడ్డి ఎండి పగిలిపోయింది, అంతే. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

తోటవాళ్ళు బండి ఇస్తామన్నారు. కాపలాదారు అడ్డొచ్చాడు. నడివయసు కొండ మనిషి.

“బండి అట్టుకెల్లండి బాబూ. ఆ ఆరన్ మాత్రం ఇక్కడొగ్గీయండి.”

ఎందుకని అడిగితే చెప్పాడు. ఆ బండి నడిపినవాడు అతని బావ, అక్క మొగుడు. ఘాట్ మీద ఒక మలుపు కింద వాళ్ళ ఇల్లు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఇంజను కాగిపోయేది. అతను ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా హారన్ కొట్టేవాడు. భార్య ఆనపకాయ బుర్రతో నీళ్ళు పట్టుకుని పైకొచ్చేది. ఒక వానాకాలం మధ్యాహ్నం మంచులో హారన్ వినబడి ఆమె వచ్చేసరికి బండి ఉంది, తలుపు తీసి ఉంది, మనిషి లేడు. నీళ్ళకి వెళ్ళాడని వెనక కూర్చున్న గుమస్తా చెప్పాడు. లోయంతా వెతికారు. చెప్పు కూడా దొరకలేదు.

“మా అప్ప మూడేల్లు ఆ రోడ్డు మీదే కూకుంది బాబూ. తిండి నేదు, పని నేదు. మొన్ననే దినాలు సేసీసినాం. ఇప్పుడిప్పుడే సేనుకెల్తంది. ఆ కూత ఇందంటే మల్లీ ఒచ్చి కూకుంటది.”

మోగించనని మాటిచ్చాను. హారన్ మాత్రం వదల్లేదు. అది లేని బండి నా కంటికి బోసినోరులా కనిపించింది. ఒకామె బతుకు కన్నా నాకు ఆ ఇత్తడి ముక్క ఎక్కువైంది. ఈ మాట ఇవాళ అంటున్నాను గాని, ఆ రోజు తట్టలేదు.

బాగుచేయడానికి ఏడాదిన్నర పట్టింది. హారన్‌లో పాత రేకునే మేస్త్రీ అరగదీసి, సరిచేసి, కొత్త బుడ్డి తొడిగి నొక్కాడు. షెడ్డులో అందరూ లేచి నిలబడ్డారు. “అసలు గొంతే మాస్టారూ, పిసరు మారలేదు,” అన్నాడు మేస్త్రీ. నేను పొంగిపోయాను.

ఆ ఏటి వానాకాలంలోనే మేస్త్రీ, నేను ఘాట్ ఎక్కాం. శృంగవరపుకోట దాటాక బండి ఆపి, ఇచ్చిన మాట కోసం రబ్బరు బుడ్డి ఊడదీసి సంచిలో వేశాను. బుడ్డి లేకపోతే ఆ హారన్ వట్టి గరాటు. ఎందుకని మేస్త్రీ అడిగాడు. ఆ డ్రైవరు ఘాట్ మీద కనిపించకుండా పోయాడని మాత్రం చెప్పాను. మిగతా సగం చెప్పడానికి సిగ్గేసింది.

పట్టపగలే మంచు కమ్మేసింది. ఒక మలుపులో బండి ముందు నుంచి ఆవిరి లేచింది. ఆపాను. ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. మేస్త్రీ దిగి బానెట్ ఎత్తాడో లేదో, పొదల్లోంచి ఒకామె ఎక్కొచ్చింది. నడుముకి కొడవలి, చేతిలో ఆనపకాయ బుర్ర.

మమ్మల్ని ఏమీ అడగలేదు. చెంగు మడతపెట్టి, కాగుతున్న రేడియేటరు మూత తిప్పి, నీళ్ళు పోసింది. ఆ మూత అన్ని మూతల్లా కాదు, ఎడమ నుంచి కుడికి తిప్పితే ఊడుతుంది. మేస్త్రీకే అలవాటవడానికి వారం పట్టింది.

“ఆరన్ ఇన్నాను,” అంది. “బేగి ఒచ్చీసినాను.”

“మేం కొట్టలేదమ్మా,” అన్నాను.

“ఒకటి పొడుగు, రెండు పొట్టి. నానెరగనా?”

సంచి తడిమి చూశాను. బుడ్డి అందులోనే ఉంది.

ఆమె నేను కూర్చున్న సీటు వైపు చూసింది. నన్ను కాదు, సీటునే. “ఇక్కడ కూకునీవోడు ఏడి?” అంది.

మేస్త్రీ మెత్తని మనిషి. ఆమె మొహం చూసి ఉండబట్టలేక, సముదాయిద్దామని నోటికొచ్చింది అనేశాడు.

“నీళ్ళకెళ్ళాడమ్మా. వచ్చేస్తాడు.”

ఆమె తల ఊపింది. “ఆ రోజూ అదే అన్నారు,” అంది. కొడవలి తీసి కింద పెట్టింది. రోడ్డు పక్క రాయిని చెంగుతో తుడుచుకుని కూర్చుంది.

లెమ్మని బతిమాలాను. అతను రాడని చెప్పాను. నా మాట ఆమె చెవికెక్కలేదు. చివరికి తోటకి వెళ్ళి, హారన్ విప్పి, కాపలాదారు చేతిలో పెట్టాను. మోగించలేదని ఒట్టు వేశాను.

“నానూ ఇన్నాను బాబూ,” అన్నాడతను. కోపం కూడా లేదు. “ఏడ కూకుంది? ఆ రాయి మీదేనా?”

అవునన్నాను. గొడుగు తీసుకుని బయల్దేరాడు. బండెక్కమంటే ఎక్కలేదు, అడ్డదారిన దిగిపోయాడు. ఇంజను చల్లారేదాకా మేం ఆగాం.

కిందికి దిగడానికి ఆ ఒక్క రోడ్డే. మలుపు దగ్గర అతను అక్క మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బండి చప్పుడు వినగానే ఆమె గబుక్కున లేచింది. వంగి లోపలికి చూసింది. స్టీరింగ్ దగ్గర నేనున్నాను. మళ్ళీ వెళ్ళి రాయి మీద కూర్చుంది.