పొగ కనిపించని జనరేటర్

ఆ రోజు మహబూబాబాద్‌లో షట్టర్ దించమన్నది నేనే. వాన జల్లుకు ఆడవాళ్లే దించుకున్నారని అడిగినవాళ్లకు మొదట చెప్పాను. అది అబద్ధం.

జనగామలో నేను డీజిల్ మెకానిక్‌ని. మహబూబాబాద్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ జనరేటర్ నల్లపొగ కక్కుతోందని పిలిస్తే పొద్దున్నే వెళ్లాను. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే పంపు టైమింగ్ కొంచెం ముందుకు జరిపాను. మంట వేడి పెరిగింది, నల్లపొగ మాయమైంది. పొగ గొట్టం మూతికి తెల్ల రుమాలు పట్టాను, మచ్చ పడలేదు. మా పనిలో అదే పెద్ద పరీక్ష.

ఆ గొట్టం పక్క షెడ్డు కిటికీ దగ్గరే ఆగిపోతుంది. షెడ్డులో ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. జల్లు లోపలికి కొడుతుంటే, మిర్చి తడవకుండా వాకిలి షట్టర్ దించుకోమన్నాను. కిటికీ మాత్రం తెరిచే ఉంది.

కాసేపటికి నర్సింహులపేట వైపు తండా నుంచి పనికొచ్చిన ఒక అవ్వ దగ్గుతూ బయటికొచ్చింది.

"కొడుకా, ఏందో మంట వాసనొస్తుంది."

"మిర్చి ఘాటు అవ్వా. పొగే లేదు కదా."

"చిన్నప్పటిసంది మిర్చిలనే ఉన్న. గిది మిర్చిది కాదు."

"నీ ముక్కుకు కూడా సర్వీసింగ్ చేయాలె," అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి లోపలికి పోయింది.

మధ్యాహ్నానికి ఆమెకు ఊపిరి అందలేదు. దవాఖానకు నేనే తీసుకెళ్లాను. డాక్టరు ఏం పీల్చిందని అడిగితే, "మిర్చి ఘాటు సార్," అన్నాను. ఆయన మందు రాసి ఇంటికి పంపబోయాడు.

ఐటీఐలో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. మంట మితిమీరి వేడెక్కితే గాలిలో ఊరికే ఉండే నత్రజని ఆక్సిజన్‌తో కలిసి విషవాయువవుతుంది. నల్లపొగలా కనిపించదు. ఊపిరితిత్తుల్లోకి దిగి, కొన్ని గంటలు ఆగి మరీ దెబ్బ తీస్తుంది. నేను మసిని తగ్గించి దాన్ని పెంచాను. నేను పరీక్షకు పట్టిన రుమాలు మాత్రం తెల్లగానే ఉంది.

ఆమె అప్పటికే చెప్పులేసుకుంటోంది.

"సార్, పంపకండి," అన్నాను. జనరేటర్ సంగతీ షట్టర్ సంగతీ అంతా చెప్పాను. ఆయన వెంటనే ఆక్సిజన్ పెట్టించాడు. నేను కోల్డ్ స్టోరేజీకి ఫోన్ చేసి జనరేటర్ ఆపించాను. సాయంత్రానికి ఆమె పెదాలు నీలంగా మారాయి. నాలుగో రోజు ఇంటికెళ్లింది. ఇప్పటికీ నాలుగడుగులేస్తే ఆగి నిలబడుతుంది.

ఆమె వెళ్లిన మరునాడు నేను కోల్డ్ స్టోరేజీకి పోయి, టైమింగ్ వెనక్కి జరిపి, గొట్టాన్ని కప్పు దాటించాను. అక్కడి నుంచి భూపాలపల్లి వెళ్లాను. అంతకుముందే అక్కడ ఒక రైస్ మిల్లు జనరేటర్‌కు కూడా ఇలాగే టైమింగ్ ముందుకు జరిపి మెప్పు పొందాను.

"మంచిగనే నడుస్తుంది కదన్నా, మల్ల ఎందుకొచ్చినవ్?" అన్నాడు మిల్లు ఆపరేటర్.

"గప్పుడు తప్పు చేసిన," అని, ముందు జనరేటర్ గది తలుపులు తెరిచాను.