మేనేజర్ మేడం వచ్చిన రోజే నేను పోయాను

నేను ఒకసారి చనిపోయాను. ఆర్మూర్‌లో ఎవరినడిగినా చెబుతారు. జబ్బు చేసి కాదు, లారీ గుద్దీ కాదు. మా పసుపు కంపెనీకి జనరల్ మేనేజర్‌ను పెట్టుకుని పోయాను.

మా నాన్న పెట్టిన, పసుపు ఆడే చిన్న గిర్నీ నా చేతిలో పెరిగి, మా పసుపు ప్యాకెట్లు ఊరూరా పోయే స్థితికి వచ్చింది. కొనడం, ఆడించడం, అమ్మడం, అలిగిన డ్రైవర్‌ను బతిమాలడం, అన్నీ నేనే. "ఒక పెద్ద మేనేజర్‌ను పెట్టుకోండి. లేకుంటే ఈ గిర్నీల మీరే పొడి అయితరు" అని మా ఆవిడ పోరింది. చివరికి హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ నడిపిన శైలజ గారిని ఒప్పించాను. అంతటావిడ మా ఊరికి వస్తుంటే ఊరుకుంటానా? ఫ్లెక్సీ కట్టించాలనుకున్నాను.

"మేడం ఫొటో నడుమ నిలువెత్తు పెట్టు. నాది పైన మూలకు, మా నాయన పక్కన, చిన్నగ" అన్నాను ఫ్లెక్సీ షాపు గంగాధర్‌తో. "నాయనకున్నట్టే నాకూ పూలు చుట్టు. జోడు మంచిగుంటది."

గంగాధర్ నన్ను ఎగాదిగా చూశాడు. "సేటూ, గక్కడ పోయినోళ్లను పెడ్తరు."

"నా అసోంటి వినయం నువ్వెక్కడ చూసినవ్? చెప్పింది చెయ్యి."

కింద రాత కూడా నాదే: 'వీరి ఆశయాలను కొనసాగించడానికి విచ్చేస్తున్న శైలజ గారికి స్వాగతం.' రాసి, నన్ను నేనే మెచ్చుకున్నాను. మీరు నవ్వకండి, అసలు కథ ఇంకా మొదలు కాలేదు.

పొద్దున్నే ఫ్లెక్సీ చౌరస్తాకెక్కింది. నేను మేడంను తీసుకురావడానికి నిజామాబాద్ స్టేషన్‌కు పోయాను. అంత పెద్దావిడ ముందు ఫోన్ మోగితే బాగుండదని సైలెంట్‌లో పెట్టాను.

తిరిగొచ్చేసరికి మా ఇంటి ముందు టెంటు, కుర్చీలు, జనం. "చూసిండ్రా మేడం, మీ కోసం ఎంతమంది వచ్చిండ్రో!" అని గర్వంగా కారు దిగాను. ఏడుస్తున్న ఒక ముసలమ్మ నన్ను చూసి కెవ్వుమంది. మాకు ఏటా పసుపు పోసే నందిపేట్ రైతు రాజన్న వచ్చి నా చెయ్యి తడిమాడు.

"నువ్వు పోయినవన్నరు గద సేటూ!"

"ఎవరన్నరు?"

"నీ ఫ్లెక్సీనే."

మా ఆవిడ గుమ్మంలోంచి అరిచింది. "ఫోనెత్తరేంది? మా ఆయన స్టేషన్‌కు పోయిండని చెప్పి చెప్పి నోరు పోయింది. ఒక్కరు నమ్ముతలేరు. దుఃఖంల నాకు మతి తప్పిందంటున్నరు!"

అప్పుడు గుర్తొచ్చింది, ఈరోజు రావాల్సిన పసుపు. "రాజన్నా, బండ్లేవి?"

"సేటే పోయినంక ఎవరికి పోస్తమని నిజామాబాద్ దిక్కు మలిపిండ్రు."

సీజన్ మొదట్లోనే పసుపు చేజారితే గిర్నీ ఆగుతుంది, ప్యాకెట్లు కొనేవాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. మేడం కూడా వచ్చిన రైలుకే తిరిగిపోతారనుకున్నాను.

శైలజ గారు బ్యాగు మా ఆవిడ చేతికిచ్చి, టెంటువాడి మైకు తీసుకున్నారు. "సార్, మీరు ఆ కంపెనీ డీసీఎం వ్యాను వెనక ఎక్కి నిలబడండి. ఏం మాట్లాడొద్దు. బతికున్నట్టు కనిపిస్తే చాలు."

నిజామాబాద్ రోడ్డు మీద పసుపు బండ్లను దాటుకుంటూ మా డీసీఎం ఉరికింది. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. "మీ సేటు మంచిగున్నరు! నమ్మకుంటే వచ్చి గిల్లి చూడండి!" అని మేడం మైకులో పిలిచారు. మావాళ్లు మొహమాటపడే రకం కాదు, వచ్చి గిల్లారు. గిల్లినవాళ్లంతా బండ్లు వెనక్కి తిప్పారు. ఊళ్లో అడుగుపెట్టి పూట కాలేదు, పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, ఆమె నన్ను బతికించి, నా కంపెనీనీ బతికించింది! కమిలిపోయిన చేతులతో ఆమెకు దండం పెట్టాను.

"సార్, మీరొక్క పూట లేకపోతే పసుపు ఆగిపోయింది" అన్నారామె. "నా పని అదే. ఇంకోసారి మీరు పోయినా ఒక్క బండి ఆగకూడదు."

మరుసటి సీజన్‌లో నాకు జ్వరం వచ్చి మంచమెక్కాను. పలకరించడానికి ఒక్కడు రాలేదు. రాజన్న పసుపు దింపి, చాయ్ తాగి పోతుంటే కిటికీలోంచి కేకేశాను. "రాజన్నా, నాకు జరమొచ్చిందయ్యా!"

"ఫికర్ చెయ్యకు సేటూ, మేడమున్నది గద!"

అందుకే పసుపు ముట్టుకుని ఒట్టేస్తున్నాను, ప్రాణముండగా మళ్లీ ఆ పై మూలకు ఎక్కను. నిజంగా పోయిన రోజున కూడా నా ఫొటో నడిమధ్య నిలువెత్తున ఉండాలని గంగాధర్‌కు ఇప్పుడే చెప్పి పెట్టాను.

"మేడంను అడిగి చెప్త సేటూ" అన్నాడు.